హ్యాండ్‌హెల్డ్ కొంటే ఏది కొనాలి? శ్రీసిటీ బస్సులో తేలిన లెక్క

మా చిన్నాయన కొడుకు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. తిరుపతిలో కొర్లగుంటలో గది. పొద్దున కంపెనీ బస్సు ఎక్కితే గంటన్నర, సాయంత్రం తిరిగి రావడానికి ఇంకో గంటన్నర. పోయిన నెల బోనస్ పడింది. హ్యాండ్‌హెల్డ్, అంటే చేతిలో పట్టుకొని వీడియోగేములు ఆడుకునే మిషన్, ఒకటి కొనాలని అప్పట్నుంచి రోజుకో స్క్రీన్‌షాట్ పంపిస్తున్నాడు. "అన్నా, దీంట్లో జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్ ఉండాదంట." "అన్నా, దీంట్లో 24 జీబీ ర్యామ్." "అన్నా, దీనికి 144 హెర్ట్జ్ స్క్రీన్. ఏది తీసుకోమంటావు?"

నేను తిరిగి ఒకటే అడిగాను. "బస్సులో ఎంతసేపు మేలుకొని ఉంటావురా?"

కాసేపు జవాబు రాలేదు. తర్వాత వచ్చింది. "పోయేటప్పుడు ఒక ముప్పావుగంట. వచ్చేటప్పుడు నిద్రే అన్నా."

వాడు కొనాల్సిన మిషన్‌లో సగం ఆ జవాబులోనే ఉంది. హ్యాండ్‌హెల్డ్ కొనేవాళ్లు చాలామంది చిప్పు దగ్గర మొదలుపెడతారు. నేనైతే గడియారం దగ్గర మొదలుపెట్టమంటాను. రోజులో ఏ ఖాళీలో ఆడతాం, ఆ ఖాళీ ఎంతసేపు ఉంటుంది, మధ్యలో ఎవరైనా పిలిస్తే ఎంత త్వరగా పక్కన పెట్టగలం? ఇవి తేలాక ఆటల సంగతి. మనం ఇప్పటికే డబ్బు పెట్టి కొన్న ఆటలు ఎక్కడున్నాయి, ఇకముందు ఏవి ఆడాలనుంది? చిప్పు, ర్యామ్ వీటి తర్వాతే.

గుండు చేయించుకున్న పిల్లాడి చేతిలో బ్రిక్ గేమ్

మా ఈడు తిరుపతి పిల్లల్లో చాలామందికి మొదటి హ్యాండ్‌హెల్డ్ కొండ మీద అంగళ్లలో దొరికిన బ్రిక్ గేమే. తలనీలాలు ఇచ్చి, గుండుకి గంధం పూసుకొని ఏడుస్తూ వచ్చిన పిల్లాడికి బుజ్జగింపుగా కొనిపెట్టేవాళ్లు. పెట్టె మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. లోపల నిజంగా ఉండే ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా స్పీడు మార్చి, లెవెల్ మార్చి పెంచిన లెక్క. అయినా రెండు పెన్సిల్ సెల్లులేస్తే వారాల తరబడి నడిచేది. మా జేజి కూడా మధ్యాహ్నం పూట ఇటుకలు పేర్చేది. నా స్కోరు ఎన్నడూ ఆమెను దాటలేదు.

అదే లెక్క పెద్ద కంపెనీల చరిత్రలోనూ నిజమైంది. 1989లో నింటెండో గేమ్ బాయ్ తెచ్చినప్పుడు దాని స్క్రీన్ పాచిరంగులో ఉండేది. రంగుల్లేవు, వెనక లైటు లేదు. మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ రంగుల స్క్రీనుతో, వెనక లైటుతో వచ్చింది. పక్కపక్కన పెట్టి చూస్తే గేమ్ బాయ్ బీదగా కనిపిస్తుంది. కానీ గేమ్ గేర్ ఆరు సెల్లులు మింగి మూడు నుంచి అయిదు గంటల్లో ఆరిపోయేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో అంతకు ఎన్నో రెట్లు నడిచేది. చివరికి గేమ్ బాయ్, దాని తర్వాతి కలర్ మోడల్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి దాటి ఆగిపోయింది. గేమ్ బాయ్ వెనకున్న గున్‌పే యోకోయ్ పట్టుకున్న సూత్రం కూడా ఇదే: పాతబడి చవకైన సాంకేతికతను కొత్త తీరులో వాడాలి. వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్‌కీ, నింటెండో హ్యాండ్‌హెల్డ్ స్విచ్‌కీ అది ఈనాటికీ వర్తిస్తుంది. రెండింటిలోనూ ఉన్నది ఆ కాలానికి గొప్ప చిప్పేమీ కాదు.

బటన్ నొక్కితే ఆగాలి, మళ్లీ నొక్కితే అక్కడే లేవాలి

కంపెనీ బస్సు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. పక్కసీటువాడు కబుర్లు మొదలుపెడతాడు, సూపర్‌వైజర్ ఫోన్ చేస్తాడు. అప్పుడు సేవ్ పాయింట్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే చోటు) వెతుక్కునే టైమ్ ఉండదు. నింటెండో స్విచ్‌లో పవర్ బటన్ నొక్కితే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే రెండు మూడు సెకన్లలో అదే గోడ మీద అదే కాలుతో లేస్తుంది. స్టీమ్ డెక్ కూడా దాదాపు అంతే. ఎల్డెన్ రింగ్ అనే ఆటలో పాజ్ లేదని అందరూ వాపోతారు కదా, డెక్‌లో ఆఫ్‌లైన్‌గా ఆడితే పవర్ బటనే పాజ్. రాక్షసుడు కత్తి ఎత్తినప్పుడు నొక్కి, పాలవాడికి డబ్బులిచ్చి వచ్చి, మళ్లీ నొక్కి చావొచ్చు.

విండోస్ మీద నడిచే మిషన్లు వెనకబడేది ఇక్కడే. అసుస్ ఆర్ఓజీ అలై, లెనోవో లీజియన్ గో, ఎంఎస్ఐ క్లా అన్నీ లోపల కంప్యూటర్లే. నిద్రపోయాయనుకుంటే లేచి కూర్చోవడం, లేచినప్పుడు ఆట మూసుకుపోయి ఉండడం, మధ్యలో అప్‌డేట్ అడగడం, ఇవి విండోస్ హ్యాండ్‌హెల్డ్ వాడేవాళ్లు చాలాకాలంగా చెప్పుకునేవే. 2025 అక్టోబరులో వచ్చిన ఆర్ఓజీ ఎక్స్‌బాక్స్ అలైలలో నేరుగా ఎక్స్‌బాక్స్ తెర మీద లేచే పద్ధతి పెట్టారు, అది మంచి అడుగే. అయినా ముప్పావుగంట ఖాళీలో అయిదు నిమిషాలు మెనూలకు పోతే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరైనా విండోస్ మిషనే కొంటే, పవర్ బటన్‌ని స్లీప్‌కి కాకుండా హైబర్నేట్‌కి (ఉన్న స్థితిని స్టోరేజీలో దాచి మిషన్ని పూర్తిగా ఆపే పద్ధతికి) మార్చి పెట్టుకోండి. లేవడం ఆలస్యమవుతుంది గానీ సాయంత్రానికి బ్యాగులో బ్యాటరీ మిగులుతుంది.

బ్యాటరీ లెక్క కష్టమేమీ కాదు. స్పెసిఫికేషన్లలో బ్యాటరీ సైజు వాట్-అవర్లలో ఉంటుంది. మొదటి డెక్‌కి 40, 2023 నవంబరులో వచ్చిన ఓఎల్‌ఈడీ డెక్‌కి 50, మొదటి అలైకి 40, దాని తర్వాతి మోడల్ అలై ఎక్స్‌కి 80. ఆ అంకెను మిషన్ లాగే వాట్లతో భాగించండి. అలైని 25 వాట్ల టర్బోలో పెడితే స్క్రీను, ఫ్యాను, వైఫై కలుపుకొని ఇంకా ఎక్కువే లాగుతుంది. 40ని దాంతో భాగిస్తే గంటకు కాస్త అటూఇటూ. అంటే అలైలో జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్ ఉందని మనం మురిసిపోయే ఆ బలం బస్సులో గంటసేపే. 15 వాట్ల మోడ్‌కి దించితే బ్యాటరీ నిలుస్తుంది, కానీ అప్పుడు డెక్‌కీ దానికీ తేడా కంటికి పెద్దగా ఆనదు. అలై ఎక్స్ 80 వాట్-అవర్లతో ఈ తగువు చాలావరకు తీర్చింది, అందుకు ఎక్కువ డబ్బే అడిగింది. మొదటి అలై మన దేశంలో 2023 జులైలో 69,990 రూపాయలకు దిగితే, అలై ఎక్స్ వచ్చింది 89,990కి.

డెక్‌లో నేను చేసేది చెబుతాను. కుడిపక్క కింద మూడు చుక్కల బటన్ ఉంటుంది. అది నొక్కి, బ్యాటరీ గుర్తు దగ్గరికి పోయి, ఫ్రేమ్ లిమిట్ (సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలన్న హద్దు) 45కి దించుతాను. ఓఎల్‌ఈడీ డెక్ స్క్రీన్ 90 హెర్ట్జ్, అంటే సెకనుకు 90 సార్లు మారుతుంది కాబట్టి 45 సరిగ్గా సగం, కదలిక తడబడదు. తర్వాత టీడీపీ లిమిట్ (చిప్పు లాగే వాట్లకు హద్దు) ఆన్ చేసి 8 వాట్ల దగ్గర పెడతాను. హాలో నైట్ లాంటి రెండు డైమెన్షన్ల ఆటకి అది ఎక్కువే. బ్యాటరీ పక్కన మిగిలిన టైమ్ రెండున్నర గంటల నుంచి అయిదు దాటడం కళ్లముందే కనిపిస్తుంది. ఈ రెండు సెట్టింగులు ఆ ఆటకే గుర్తుండేలా పెట్టుకోవచ్చు, రోజూ మార్చుకోనక్కర్లేదు.

పవర్‌బ్యాంక్ కొనేటప్పుడూ ఇదే లెక్క. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది పోగా ఓఎల్‌ఈడీ డెక్ ఒకసారి నిండి కొంచెం మిగులుతుంది. కనీసం 45 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) అని రాసి ఉన్నదే తీసుకోండి. ఫోన్‌కి వాడే పాత 10 వాట్లది తగిలిస్తే, ఆడుతుండగా ఛార్జ్ పెరక్కపోగా తగ్గుతుంది. హైదరాబాద్ పోయే నారాయణాద్రి రైల్లో పై బెర్తు ఎక్కి ఇది నేర్చుకున్నాను. ప్లగ్గు కింద ఉంది, నా వైరు మీటరే.

మే నెల ఎండ

స్పెసిఫికేషన్ పోలికల్లో ఎవరూ రాయని విషయం, మన ఊరివాళ్లకు ముఖ్యమైనది. 2022 జులైలో యూరప్‌లో ఎండలు ముదిరినప్పుడు, స్టీమ్ డెక్ 0 నుంచి 35 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుందని వాల్వ్ చెప్పింది. అదే నెలలో నింటెండో కూడా స్విచ్‌ని 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమంది. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం ఎంతుంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 35 మనకు చల్లటి పూట.

వేడెక్కితే మిషన్ పేలిపోదు, స్పీడు తగ్గించుకుంటుంది, ఫ్యాను అరుస్తుంది. చిప్పు ఎంత బలమైనదైతే వేడి అంత ఎక్కువ. మే నెలలో ఏసీ లేని గదిలో అలై టర్బో కన్నా ఎనిమిది వాట్ల డెక్ హాయిగా నడుస్తుంది. వెనకవైపు గాలి పోయే రంధ్రాలుంటాయి, దుప్పటి మీదా దిండు మీదా పెట్టి ఆడకండి. ఆడి ఆడి వేడిగా ఉన్నదాన్ని వెంటనే బ్యాగులో కుక్కి జిప్పు వేయొద్దు.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్విచ్ లైట్ సుమారు 275 గ్రాములు, రెండు పక్కలా తగిలించే జాయ్‌కాన్ కంట్రోలర్లతో స్విచ్ ఓఎల్‌ఈడీ 420, స్విచ్ 2 సుమారు 534, మొదటి అలై 608, ఓఎల్‌ఈడీ డెక్ 640, అలై ఎక్స్ 678, లీజియన్ గో 854. అంకెలు చూస్తే తేడా తెలియదు. లీటరు బాటిల్‌లో మూడింట రెండొంతులు నీళ్లు పోసి, రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకొని అరగంట ఫోన్‌లో వీడియో చూడండి. అది డెక్. బాటిల్ ఇంకో గ్లాసెడు నింపండి. అది లీజియన్ గో. దాని 8.8 అంగుళాల స్క్రీన్ అందంగా ఉంటుంది, కాదనను. కానీ నా లెక్కలో అది బల్ల మీద నిలబెట్టి ఆడాల్సిన మిషన్.

ఆటలు ఎక్కడున్నాయి?

తమ్ముణ్ని తర్వాత అడిగింది ఇదే. లాప్‌టాప్‌లో స్టీమ్ (వాల్వ్ వాళ్ల ఆన్‌లైన్ ఆటల అంగడి) ఉంది, సేల్స్‌లో కొన్న ఆటలు పదహారు ఉన్నాయి. రెండు మొదలుపెట్టాడు, ఒకటి ముగించాడు. "మరి ఎక్కువ ఆడేదేంది?" అంటే, "ఎఫ్‌సీ అన్నా, రూమ్మేట్ ప్లేస్టేషన్‌లో" అన్నాడు. ఎఫ్‌సీ అంటే ఫుట్‌బాల్ ఆట.

ఇక్కడ ముడి పడింది. స్టీమ్‌లో ఆటలున్నవాడికి స్టీమ్ డెక్ కన్నా సులువైనది లేదు. లాగిన్ అయితే చాలు, కొన్నవన్నీ అక్కడే ఉంటాయి, చాలా ఆటల్లో లాప్‌టాప్‌లో ఆపిన చోటి నుంచి డెక్‌లో మొదలుపెట్టొచ్చు. స్టీమ్‌లో ధరలు రూపాయల్లో ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు, కొన్న 14 రోజుల్లోపు రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. కానీ డెక్ నడిచేది లినక్స్ ఆధారంగా చేసిన స్టీమ్ఓఎస్ మీద. విండోస్ ఆటల్ని ప్రోటాన్ అనే పొర అక్కడ నడిపిస్తుంది, ఒంటరిగా ఆడే ఆటల విషయంలో అది చేసేది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆన్‌లైన్ ఆటల్లో మోసాలు పట్టే యాంటీ-చీట్ అడ్డం పడుతుంది. వాలరెంట్ నడవదు, ఫోర్ట్‌నైట్ నడవదు. ఏపెక్స్ లెజెండ్స్ నడిచేది, 2024 చివర్లో లినక్స్‌ని ఆపేశారు. జీటీఏ ఆన్‌లైన్ కూడా అదే ఏడాది పోయింది. ఈఏ వాళ్ల ఎఫ్‌సీ ఆటలూ ఈ జాబితాలోనే. డెక్‌లో విండోస్ వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు. అంత తంటా పడేవాడు ముందే అలై కొనుక్కుంటే సరిపోతుంది.

ఆన్‌లైన్ ఆటలే ప్రాణం అనేవాళ్లకు విండోస్ మిషనే దారి. పైన నేను తిట్టిందంతా భరించి కొనండి. పైగా ఇక్కడ బిల్లుతో, వారంటీతో అధికారికంగా అమ్ముడయ్యేవి అవే. డెక్‌ని వాల్వ్ మన దేశంలో నేరుగా అమ్మదు. స్విచ్‌కీ ఇక్కడ నింటెండో సొంత అమ్మకాలు లేవు. ఇది చిన్న విషయం కాదు, కింద మళ్లీ వస్తాను.

నింటెండో సంగతి వేరు. జెల్డా, మారియో, పోకెమాన్ ఆడాలనుంటే వేరే దారి లేదు, లేకుంటే స్విచ్ అక్కర్లేదు. నాకైతే 2017లో స్విచ్‌తో పాటే వచ్చిన జెల్డా ఆట బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ ఒక్కటే చాలు. కొండ కనిపిస్తే ఎక్కొచ్చు, వాన వస్తే జారిపోతాం. మొదటిసారి వాన పడి జారినప్పుడు అలిపిరి మెట్ల మీద తడిసిన రోజు గుర్తొచ్చింది. కానీ నింటెండో సొంత ఆటల ధర ఏళ్లు గడిచినా పెద్దగా దిగదు. స్టీమ్ సేల్‌లో వంద రూపాయలకు ఆటలు ఏరుకున్నవాడికి ఒక్క కార్ట్రిడ్జ్‌కి (ఆట నింపి అమ్మే చిన్న కార్డుకి) నాలుగు వేలంటే గుండె గుభేలుమంటుంది. ఒక ఊరట ఉంది, ఆడేశాక కార్ట్రిడ్జ్ అమ్ముకోవచ్చు. నేను మూడు అలాగే తిప్పాను. స్టీమ్‌లో కొన్నది అమ్మలేం.

చిన్న స్క్రీన్ మీద ఏవి బాగుంటాయో నా ఇష్టాలు చెబుతాను. హాలో నైట్, 2025 సెప్టెంబరులో వచ్చిన దాని తర్వాతి భాగం సిల్క్‌సాంగ్, హేడీస్, డెడ్ సెల్స్, సెలెస్ట్, స్టార్‌డ్యూ వ్యాలీ. ఇవి చేతిలోనే బాగుంటాయి. పేకముక్కల ఆట బలాట్రో అయితే ప్రమాదం, ఒక్క ఆట అని మొదలుపెడితే దిగాల్సిన స్టాపు దాటిపోతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ ఖరీదైన చిప్పు అక్కర్లేదని గమనించండి. పెద్ద ప్రపంచాల ఆటలు డెక్‌లో నడుస్తాయి గానీ, టీవీ కోసం రాసిన అక్షరాలు ఏడంగుళాల మీద చీమల్లా కనిపిస్తాయి. కొనేముందు స్టీమ్‌లో ఆ ఆటకి ఆకుపచ్చ టిక్కుతో ‘వెరిఫైడ్’ అని ఉందో లేదో చూడండి, అక్షరాల సైజు కూడా ఆ పరీక్షలో భాగమే. మన దేశంలోనే, పుణెలో తయారైన రాజీ అనే ఆట 2020లో మొదట స్విచ్ మీదే వచ్చింది. పొట్టి ఆట, పోట్లాటలు కాస్త మొరటుగా ఉంటాయి, గోడల మీది బొమ్మలు చూడటానికైనా ఆడొచ్చు.

స్విచ్ 2 మీద నా సణుగుడు

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 బలమైనదే. 7.9 అంగుళాల స్క్రీన్, 1080పీ, 120 హెర్ట్జ్, 256 జీబీ స్టోరేజీ. ఎఫ్‌సీ 26 దాని మీద ఉంది. కానీ పాత స్విచ్ ఓఎల్‌ఈడీలో రాత్రి గదిలో లైటు తీసేసి చూసిన నలుపు దీని ఎల్‌సీడీలో లేదు. బ్యాటరీ కంపెనీ చెప్పిందే రెండు నుంచి ఆరున్నర గంటలు, ఓఎల్‌ఈడీ స్విచ్‌కి అదే కంపెనీ చెప్పింది నాలుగున్నర నుంచి తొమ్మిది. ఆటలు దాచుకోవడానికి మామూలు మైక్రోఎస్డీ కార్డు పనికిరాదు, మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ అనే రకమే కావాలి. దాని ధర వేరుగా అడిగి చూడండి.

ఇంకోటి, గేమ్-కీ కార్డులు. కార్ట్రిడ్జ్ చేతికి వస్తుంది గానీ లోపల ఆట ఉండదు, తాళం చెవి మాత్రం ఉంటుంది. ఆట నెట్ నుంచి దించుకోవాలి, ఆడేటప్పుడు కార్డు పెట్టే ఉండాలి. హాస్టల్ వైఫైతో బతికేవాళ్లు పెట్టె ముందువైపు రాసింది చదివి కొనండి.

మొదటిసారి నింటెండో కొనేవాళ్లకు నా సలహా, పాత ఓఎల్‌ఈడీ సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే తీసుకోండి. ఎనిమిదేళ్ల ఆటలు దానికి ఉన్నాయి, అవి అయ్యేసరికి స్విచ్ 2 పాతబడుతుంది.

ఎక్కడ కొనాలి, పాడైతే ఎవరు చూస్తారు

తిరుపతివాళ్లకు డెక్ గానీ స్విచ్ గానీ కావాలంటే రెండే దారులు. ఆన్‌లైన్‌లో దిగుమతి చేసి అమ్మేవాళ్లు, లేదంటే పొద్దున గరుడాద్రి రైలెక్కి చెన్నై పోయి ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్, బర్మా బజార్ తిరగడం. మనవాళ్లు తరతరాలుగా చేస్తున్నదే. బేరం ఆడొచ్చు, చేత్తో పట్టుకొని చూడొచ్చు. చూసేటప్పుడు తొందరపడొద్దు. బొటనవేళ్లతో బొమ్మను నడిపే స్టిక్కుల్ని గుండ్రంగా తిప్పి వదిలేసి సెట్టింగుల్లో చుక్క మధ్యకి వస్తుందో లేదో చూడండి. అన్ని బటన్లూ నొక్కండి. తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి స్క్రీన్ మూలలు చూడండి. ఛార్జర్ పిన్ను మన ప్లగ్గుకి పడుతుందా, ఎడాప్టర్ ఇస్తారా అడగండి.

స్విచ్ 2 చవకగా ఇస్తున్నారంటే ఇంకో మెలిక చూడండి. జపాన్‌లో జపనీస్ భాష మాత్రమే ఉండే మోడల్ ఒకటి తక్కువ ధరకి అమ్ముతారు. దాంట్లో మెనూలు ఇంగ్లీషుకి మారవు, జపాన్ అకౌంటే పెట్టాలి. అంగడివాడు చెప్పకపోవచ్చు. ఆన్ చేయించి భాషల జాబితా చూశాకే డబ్బు తీయండి. కార్ట్రిడ్జ్‌లకు మాత్రం దేశాల అడ్డు లేదు, దాదాపు ఎక్కడ కొన్నదైనా నడుస్తుంది.

పాడవడం గురించి నా అనుభవం. కొన్నేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక హ్యాండ్‌హెల్డ్ కొన్నాను. ఏ కంపెనీదో వదిలేయండి. ఆరు నెలలకి ఎడమ స్టిక్కు వదిలేసినా బొమ్మ తనంతట తాను ఎడమకి నడిచిపోయేది. వారంటీ లేదు, అమ్మినవాడి ఫోన్ నంబరు లేదు. చివరికి మా వీధి చివర ఫోన్లు బాగుచేసే కుర్రాడు "తెరిచి చూస్తాలే అన్నా" అన్నాడు. స్క్రూలు తీసి, ఏ స్క్రూ ఎక్కడిదో తెలిసేలా ఒక కాగితం మీద మిషన్ బొమ్మ గీసి, దాని మీదే పేర్చాడు. స్టిక్కు విప్పితే లోపల సన్నటి నల్లపట్టీ అరిగి పొడి రాలి ఉంది. స్టిక్కు ఎటు వంగిందో ఆ పట్టీ మీద జారే చిన్న లోహపు రేకే చెబుతుంది, పట్టీ అరిగితే అబద్ధం చెబుతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. హాల్ ఎఫెక్ట్ స్టిక్కులో రాపిడి ఉండదు, అయస్కాంతంతో పనిచేస్తుంది. చాలా మిషన్లకు ఆ రకం స్టిక్కులు ఆన్‌లైన్‌లో విడిగా దొరుకుతాయి. తెప్పించి ఇస్తే అరగంటలో వేశాడు. అప్పట్నుంచి నేను మిషన్ కొనేముందు దాని స్టిక్కు విడిగా దొరుకుతుందా, సులువుగా విప్పొచ్చా అని చూస్తున్నాను. స్విచ్ లైట్‌లో స్టిక్కులు ఒంటికే అతుక్కొని ఉంటాయి, మామూలు స్విచ్‌లో జాయ్‌కాన్ పీకి వేరేది తగిలించుకోవచ్చు.

తక్కువ డబ్బుతో

పదివేల లోపే ఉన్నాయంటే ఫోన్‌కి రెండువైపులా పట్టే కంట్రోలర్ కొనండి. డెడ్ సెల్స్, స్టార్‌డ్యూ, బలాట్రో అన్నీ ఫోన్‌లో ఉన్నాయి, కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ కంట్రోలర్‌ని ఒప్పుకుంటుంది. బీజీఎంఐ ఒప్పుకోదు, దానికోసమైతే కొనకండి. ఈ కంట్రోలర్‌తో రెండు నెలలు ఆడితే మీకు హ్యాండ్‌హెల్డ్ అలవాటు ఉందో, కొనాలనే ఆశే ఉందో తెలిసిపోతుంది.

కాంట్రా, మారియో గుర్తొచ్చి కళ్లు చెమర్చేవాళ్లకు అన్‌బెర్నిక్, మియూ కంపెనీల మూడున్నర అంగుళాల రెట్రో (పాతకాలపు ఆటల) మిషన్లు ఉన్నాయి. పై పై కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ అనే కాంట్రా చీట్ కోడ్ వేళ్లకు ఇంకా గుర్తుంటే, అవి మీకోసమే. పాత టీవీ ఆకారంలో ఉండే స్క్రీన్ ఆ ఆటలకు అతికినట్టు ఉంటుంది, బరువు జేబులో తెలియదు. దాంతో వచ్చే మెమరీ కార్డు నాసిరకం, నమ్మొద్దు. మంచి కార్డు కొని మార్చండి. వేల ఆటలు నింపి అమ్మడం చట్టం ఒప్పుకునేది కాదన్నది కూడా తెలిసే ఉండాలి.

ఇంట్లో ప్లేస్టేషన్ 5లో నడిచే ఆటను వైఫైతో చేతిలోకి తెచ్చే ప్లేస్టేషన్ పోర్టల్ గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట. ఇంట్లో పీఎస్5, గట్టి వైఫై లేకపోతే అది మీకు కాదు. బస్సులో అసలు కాదు.

పిల్లలకైతే స్విచ్. మా అక్క కూతురు ఆరో తరగతి, చిత్తూరులో. రెండు సెలవులకు నా పాత స్విచ్ ఇచ్చి పంపాను, చేయిజారి రెండుసార్లు పడ్డా బతికే ఉంది. స్విచ్ కార్ట్రిడ్జ్‌లకు పిల్లలు మింగకుండా డెనటోనియం బెంజోయేట్ అనే చేదు మందు పూస్తారు. ఆ పిల్లకి ఇది చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. వెంటనే నాకి చూసింది. "మామా, కాకరకాయని కాకరకాయ మింగినట్టుంది" అని బావి దగ్గరికి పరిగెత్తింది. నేనూ నాకాను. నిజమే.

చివరికి తమ్ముడు

వాడి లెక్క ఇలా తేలింది. ఎఫ్‌సీ ఆడేది రూమ్మేట్‌తో పక్కపక్కన కూర్చొని అరుచుకుంటూ, గదిలో. అది ప్లేస్టేషన్‌లో ఎలాగూ ఉంది. బస్సులో ఉన్నది ముప్పావుగంట, అక్కడ నెట్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్ ఆటలు కుదరవు. స్టీమ్‌లో కొని వదిలేసినవి పద్నాలుగు. అలై వద్దన్నాను. స్విచ్ 2 అంటే మళ్లీ ఆటలన్నీ మొదట్నుంచి కొనాలి. నా ఓఎల్‌ఈడీ డెక్‌ని వారం రోజులు వాడికి ఇచ్చాను.

మూడోరోజు ఫోన్ చేశాడు. "చేతులు నొప్పి లేదన్నా, మెడ నొప్పి. తల వంచి వంచి." ఒళ్లో లంచ్ బ్యాగు పెట్టుకొని దాని మీద ఆనించి ఆడమన్నాను. అయిదోరోజు హాలో నైట్‌లో మొదటి పెద్ద బాస్‌ని కొట్టినట్టు మెసేజ్ పెట్టాడు, పొద్దున ఆరున్నరకి. వారం తర్వాత తిరిగిస్తూ ఇంకో మాట అడిగాడు. "అన్నా, మొన్న ఆదివారం దర్శనానికి పోయినాం. కంపార్ట్‌మెంట్లో ఆరు గంటలు కూర్చున్నాం. అప్పుడు ఇది ఉండుంటే?" ఫోనే లోపలికి పోనివ్వరు, ఇది పోనిస్తారా అన్నాను.

పోయిన శనివారం చెన్నై పోయి ఓఎల్‌ఈడీ డెక్ తెచ్చుకున్నాడు, 512 జీబీది. బిల్లు అడిగి తీసుకున్నాడు, స్టిక్కులు తిప్పి చూశాడు. ఇప్పుడు మళ్లీ రోజుకో స్క్రీన్‌షాట్ వస్తోంది. ఏ టెంపర్డ్ గ్లాస్ మంచిదని.